బాజీకి పాత చొక్కా

మే నెల మధ్యాహ్నం రెంటచింతల రోడ్ల మీద తిరిగేది ఇద్దరేనని ఆ వీధిలో ఒక హాస్యం. ఒకడు కూలర్లు బాగుచేసే ఫరీద్. రెండో మనిషి, అన్నం క్యారేజీ పట్టుకుని అతన్ని వెతుక్కుంటూ పోయే అతని భార్య ఆస్మా. "మొగుడు ఫోనెత్తడమ్మా, ఏ మిద్దె మీదున్నాడో ఏందో" అని ఇల్లిల్లూ అడుగుతూ పోయేది. ఆ ఎండలో ఎందుకే తిరుగుతావంటే, ఇంట్లో కూర్చుని ఎవర్ని సాకాలక్కా అని నవ్వేసేది. నవ్వేసేదే గానీ, అవతలివాళ్లకు నవ్వు వచ్చేది కాదు.

ఆస్మా బట్టలు కుడుతుంది. జాకెట్లూ, నైటీలూ, చీరల ఫాల్సూ అన్నీ కుట్టినా ఆమెకు పేరు తెచ్చింది మాత్రం పసిపిల్లల చొక్కాలు. ఎవరింట్లో పురుడొచ్చినా ముందు ఆమె గుమ్మంలోకే మనిషి వచ్చేది. చర్చి వెనకాల ఇళ్ల నుంచీ వచ్చేవాళ్లు, రైతుల ఇళ్ల నుంచీ వచ్చేవాళ్లు. కొత్త గుడ్డ పట్టుకొస్తే ఆస్మా తిప్పి పంపేది.

"గంజి కూడా వదలని గుడ్డ తెచ్చావేందమ్మా, పిల్లోడి ఒళ్లు గీరుకుపోదా? మీ అమ్మ చీరో, మీ అత్త చీరో, మెత్తగా అరిగింది పట్రాపో."

ఆ చీర చించి, బొత్తాలు లేకుండా ముడివేసే నాడాలతో, కుట్టు బయటికి వచ్చేట్టు చిన్న చిన్న చొక్కాలు కుట్టిచ్చేది. కుట్టు లోపలికి ఉంటే బిడ్డకు గుచ్చుకుంటుందని. ఊళ్లో సగంమంది పిల్లలు పుట్టగానే తొడుక్కున్నది ఆస్మా చేతి చొక్కానే. ఆమె ఇంట్లో మాత్రం ఆ చొక్కా ఎవరూ తొడుక్కోలేదు. నరసరావుపేట ఆసుపత్రుల చుట్టూ కొన్నేళ్లు తిరిగి, ఒకరోజు బస్సులోంచి దిగుతూనే ఇక చాలు అంది. ఫరీద్ సరే అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

పక్కింట్లో అన్నపూర్ణ. ఇద్దరూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. మధ్యలో ఉన్నది నడుమెత్తు గోడ. దాని మీద నుంచే కూర గిన్నెలూ, కరివేపాకూ, సెల్ చార్జరూ అటూ ఇటూ పోయేవి. అన్నపూర్ణ భర్త రాజేష్‌కు దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇంట్లో పెత్తనమంతా అత్త కోటేశ్వరమ్మది. అన్నపూర్ణకు మొదట ఆడపిల్ల పుట్టి పురిట్లోనే పోయింది. తర్వాత పుట్టిన పిల్లాడు బోర్లాపడటం నేర్చుకుంటూ ఉండగా పోయాడు. ఆ ఇద్దరి చొక్కాలూ ఆస్మానే కుట్టింది.

అందుకే మూడోసారి మగబిడ్డ పుట్టి, తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొచ్చారని తెలిసినప్పుడు ఆస్మా మిషను తీయలేదు. "ఈసారి నేను కుట్టను. కొనిస్తా" అంది ఫరీద్‌తో.

"ఏం కొంటావు?"

"అదే తెలవట్లా. వెండి మొలతాడా, ఉగ్గుగిన్నా, కడియాలా?"

"దోమతెర కొను. ఆ ఇంట్లో దోమలు మామూలుగా లేవు. మొన్న కూలర్ బిగిస్తంటే నన్నే ఎత్తుకుపోబోయినయ్."

"నీకన్నీ ఎగతాళే. వాడు పెద్దయ్యాక, ఇది మా ఆస్మా ఇచ్చిందని పదిమందికీ చూపించుకోవాల. దోమతెర చూపిస్తాడా?"

రెండు రోజులు ఇదే మాట. కడియాలైతే కాలు పెరిగితే పట్టవు. ఉగ్గుగిన్నెను కోటేశ్వరమ్మ పెట్టెలో దాచేస్తుంది. మొలతాడు మేనమామే పెట్టాలంటారు. ఆస్మాకు ఏదీ తెగలేదు. మూడో రోజు ఉదయం కోటేశ్వరమ్మే వచ్చింది. గోడ దగ్గర నుంచి కాదు, వీధి గుమ్మంలోంచి. ఎప్పుడూ ఆ గుమ్మం తొక్కని మనిషి.

"కూర్చో పెద్దమ్మా" అని ఆస్మా కుర్చీ తుడిచింది.

"కూర్చోడానికి రాలా. మా కోడలు పట్టుబట్టింది గాబట్టి వచ్చా. పిల్లోణ్ణి తవుడుకు కొనుక్కోవాల నువ్వు."

ఆస్మాకు ఆ పద్ధతి తెలుసు. పుట్టిన బిడ్డలు నిలవని ఇళ్లలో, మళ్లీ బిడ్డ పుడితే చాటలో వేసి పెరటి పెంట పక్కన పెడతారు. ఇంకో ఇంటి మనిషి వచ్చి కాసిని తవుడు పోసి కొనుక్కుంటుంది. ఆనాటి నుంచీ బిడ్డ పేరుకు ఆమెది. కన్నతల్లి పెంచిపెట్టే మనిషి మాత్రమే. వెనకటి ఇద్దరినీ తీసుకుపోయింది ఏదైనా మళ్లీ వస్తే, వీడు ఈ ఇంటివాడు కాదులే అని దాటిపోతుందని నమ్మకం. పెళ్లినాడు ఆ తవుడు తిరిగి పోసి కన్నవాళ్లు బిడ్డను వెనక్కు కొనుక్కుంటారు.

"నేనెందుకు పెద్దమ్మా?" అంది ఆస్మా.

"మా ఇళ్లన్నీ దానికి తెలుసు. సాయిబుల ఇల్లు తెలవదు. ఈడ వెతకదు." కోటేశ్వరమ్మ చుట్టూ చూసింది. "పిల్లలుగలదానివైతే బాగుండేది. అన్నపూర్ణ వినిపించుకోటల్లా. ఆస్మా కొనకపోతే నేను ఇయ్యనంటది."

ఆస్మా కళ్లు తుడుచుకుంది. అవతలామె అది చూడనట్టే ఊరుకుంది.

"ఒకటే మాట. కొన్నదానివి గాబట్టి మొదటి చొక్కాలు నీ ఇంటి నుంచే రావాల. కొత్తది పనికిరాదు. వెండీ వద్దు, బంగారమూ వద్దు. మెరిసేది ఏదేసినా, ఎవరో వీణ్ణి అపురూపంగా సాకుతున్నారని దాని చూపు పడుద్ది. బతికి బట్టకట్టిన బిడ్డ తొడుక్కుని విడిచిన చొక్కాలు తే. లేదంటే అట్టాంటి ఇంటి పాత గుడ్డ. నీకు పిల్లలు లేరుగందా, అందుకని చెప్తన్నా. జాగ్రత్త."

ఆమె వెళ్లాక ఆస్మా చాలాసేపు మిషను ముందే కూర్చుంది. మొలతాడూ కడియాలూ అన్నీ పోయాయి. ఒక్క పాత చొక్కా మిగిలింది. అది తన ఇంట్లో లేదు.

బెల్లంకొండలో ఉన్న అక్క హఫ్సాకు ఫోన్ చేసింది. హఫ్సాకు నలుగురు పిల్లలు.

"చిన్నోడి పాత చొక్కాలు ఉన్నయ్యా అక్కా?"

"నీకెందుకే?" అని, వెంటనే గొంతు తగ్గించి, "ఏమన్నా విశేషమా?" అంది హఫ్సా.

"కాదులే. అన్నపూర్ణ కొడుక్కి."

"ఆ ఇంట్లోనే గందే ఇద్దరు పోయింది? నా పిల్లల బట్టలు ఆ ఇంటికెట్టా ఇస్తానే? ఏమనుకోమాక. నాకు భయం. మీ బావకు తెలిస్తే ఊరుకోడు. ఇంకేదన్నా అడుగు, ఇస్తా."

"ఏం లేదులే అక్కా" అని ఆస్మా ఫోన్ పెట్టేసింది.

వీధిలో ఇంకెవర్ని అడగాలి? ఊళ్లో సగంమంది పిల్లలకు చొక్కాలు కుట్టింది. అందులో ఒకటి వెనక్కి ఇమ్మని ఎవర్నడిగినా మొదటి ప్రశ్న అదే. నీకెందుకు? ఆ రాత్రి అన్నం తింటూ ఫరీద్, "నా లుంగీ ఇవ్వనా? దానికన్నా పాత గుడ్డ ఈ మండలంలోనే లేదు" అన్నాడు. ఆస్మా నవ్వలేదు. ఎప్పటిలాగే బొంత పరుచుకుని పడుకుంది. ఆమె తల్లి జాన్‌బీ చీరలు పేర్చి కుట్టిన బొంత అది. తల్లి పోయాక తెచ్చుకుంది. దాని మీద పడుకుని, మెత్తటి పాత గుడ్డ ఎక్కడ దొరుకుతుందా అని తెల్లారేదాకా ఆలోచించింది.

మర్నాడు మాచర్ల బస్సెక్కింది. బజారులో మల్లు గుడ్డ కొన్నది. పసిపిల్లలకే అని చెబితే, కొట్టతను ఉన్నవాటిలో మెత్తటిది తీసి ఇచ్చాడు. ఇంటికొచ్చి, ఊళ్లో ఎవరికీ చేయవద్దని చెప్పే పనే తను చేసింది. కొత్త గుడ్డ పట్టుకుని చొక్కాలకు కూర్చుంది. అయితే కత్తిరించే ముందు దాన్ని పాతగుడ్డ చేయాలనుకుంది. సోడాలో ఉడకబెట్టింది. రాతి మీద వేసి బాదింది. నీరు కార్చి ఎండలో పడేసి, ఎండగానే మళ్లీ తడిపి మళ్లీ బాదింది. తెలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తోందని పల్చటి టీ నీళ్లలో ముంచి తీసింది. ఫరీద్ ఇంటికొచ్చేసరికి ఆమె అరచేతులు ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి.

"ఇదంతా ఎందుకే? మాకాడ లేదని చెప్పరాదూ?"

"ఏమని చెప్పను? నా ఇంట్లో ఏ బిడ్డా బట్ట విడవలేదు పెద్దమ్మా అని చెప్పనా? ఆమెకు కావాల్సింది అదే. ఇంకొకదాన్ని చూసుకుంటది. కొనుక్కునేది నేను ఫరీద్. ఒక్కసారి నన్ను కొనుక్కోనీ."

ఫరీద్ తడిగుడ్డ అందుకుని రెండో కొస పట్టుకుని పిండాడు.

తవుడుకు కొనడం ఒక ఉదయం పెరట్లో జరిగింది. కోటేశ్వరమ్మ చాటలో బిడ్డను పడుకోబెట్టి పెంట పక్కన దించి, కోడల్ని తీసుకుని అవతలికి నడిచింది. ఆస్మా వెనక దడి తలుపు తోసుకుని వచ్చింది.

"ఎవరి పిల్లోడు వీడు?"

"ఎవడో పారేసి పోయాడు. కావాలంటే తవుడు పోసి తీసుకుపో" అంది కోటేశ్వరమ్మ, మొహం అటు తిప్పుకుని.

ఆస్మా కొంగులో తెచ్చిన తవుడు పళ్లెంలో పోసి బిడ్డను ఎత్తుకుంది. ఇది ఆటేనని అక్కడున్న అందరికీ తెలుసు. ఆస్మా మాత్రం బిడ్డను గుండెకు గట్టిగా హత్తుకుంది. ఇంటికి తీసుకెళ్లి చొక్కా తొడిగింది. కాసేపటికి అన్నపూర్ణ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమమ్మా, పిల్లోణ్ణి పెంచడానికి ఇస్తావా?"

"పాలిస్తావా సరిగ్గా?"

"ఇస్తాను తల్లీ."

"ఏడిపించావంటే ఊరుకోను."

ఇద్దరూ ఒక్కసారే నవ్వి, ఒక్కసారే ఏడ్చారు. పేరు కూడా కొన్నామే పెట్టాలి కాబట్టి ఆస్మా బాజీ అని పిలిచింది. ఆ వైపు హిందువుల ఇళ్లలోనూ ఆ పేరు కొత్త కాదు. ఆసుపత్రి కాయితాల్లో వేరే పేరు ఉంది, ఇంట్లో మాత్రం బాజీ.

అన్నపూర్ణ వెనకే వచ్చిన కోటేశ్వరమ్మ చొక్కా అంచు పట్టుకుని వేళ్లతో నలిపి చూసింది. "ఎవరిదే ఇది?"

"మా హఫ్సా అక్క చిన్నోడిది పెద్దమ్మా."

"ఊఁ. బాగా మెత్తగుంది."

ఆ ఒక్క ఊఁతో ఆస్మాకు ప్రాణం లేచొచ్చింది. రోజూ సాయంత్రం గోడ మీద నుంచి బాజీ ఇవతలికి వచ్చేవాడు. ఆస్మా ఒళ్లో పెట్టుకుని మిషను తొక్కకుండా కూర్చునేది. ఆ నెలంతా జాకెట్లు ఆలస్యమయ్యాయి. తిట్టడానికి వచ్చినవాళ్లతో, "నా కొడుకు పడుకున్నాడు, మెల్లగా తిట్టు" అనేది. ఇలాంటి మాట మరీ గట్టిగా అంటున్నావే అని అన్నపూర్ణే ఒకసారి నోరు నొక్కింది.

ఎండలు ముదిరాయి. కరెంటు పోతే ఇళ్లు పొయ్యిలే. ఒకనాడు బాజీకి ఒళ్లు కాలింది. పాలు తాగలేదు, ఏడుపు కూడా సన్నబడింది. రాజేష్ దాచేపల్లి నుంచి వచ్చేదాకా ఆగకుండా ఫరీదే ఆటో మాట్లాడి నరసరావుపేట తీసుకుపోయాడు. వేడికి ఒంట్లో నీరు తగ్గిపోయిందని చెప్పి డాక్టరు చేర్చుకున్నాడు. కోటేశ్వరమ్మ ఆస్మాను ఆటో ఎక్కనివ్వలేదు. "నువ్వుండు. ఇల్లు చూస్తా ఉండు" అంది. ఇల్లు చూడటానికి ఏముంది? తాళం వేసే ఉంది.

బిడ్డ ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ ఆస్మా నమాజు తప్ప ఇంకేమీ చేయలేకపోయింది. ఒక మధ్యాహ్నం బొంత మీద అడ్డంగా పడి ఉండగా చెంప కింద గుడ్డ తగిలింది. తల్లి కట్టి కట్టి అరగదీసిన నేత చీర. జాన్‌బీ ఐదుగుర్ని కన్నది, ఐదుగురూ నిలిచారు. ఆ చీర కొంగులోనే ఐదుగురూ పడుకున్నారు. పాత గుడ్డ కోసం మాచర్ల దాకా పోయింది తను, దీని మీద పడుకుని లేచి.

కత్తెర తీసుకుని బొంత కుట్లు విప్పింది. చిరుగుల్లేని ముక్క చూసి ఒక చొక్కా కుట్టింది. బొత్తాల్లేవు, నాడాలు. కుట్టు బయటికి. బాజీ రాగానే దీన్ని తొడిగి, అది కాదు పెద్దమ్మా, ఇదే అసలుదని కోటేశ్వరమ్మ ముందు ఒప్పుకోవాలని అనుకుంది.

బాజీ బతికి వచ్చాడు. చిక్కిపోయాడు గానీ వచ్చాడు. ఆస్మా గోడ దగ్గరికి పరుగెత్తింది. గోడ అవతల కోటేశ్వరమ్మ జ్వరపు బట్టలు చించి పారేయడానికి కుప్ప వేస్తోంది. ఆస్మా కుట్టిన చొక్కా ఆమె చేతిలో ఉంది. అడుగు మడత చిరిగి విచ్చుకుంది. మడత లోపల నీలం రంగు అక్షరాలు. మిల్లు ముద్ర. ఎంత ఉడకబెట్టినా పోని ముద్రను ఆస్మా మడతలోకి మడిచి కుట్టేసింది.

"ఇదేందే?" అంది కోటేశ్వరమ్మ. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆస్మా గోడ అంచు పట్టుకుంది.

"మీ అక్క కొడుకుదన్నావు. కొత్త గుడ్డను బాది పాతదని తొడిగావు నా మనవడికి. ఎవర్ని మోసం చేద్దామని? నన్నా? నన్ను చేసుకో. నేను మూలనున్న ముసల్దాన్ని. దాన్ని చేస్తావా? అది చూడదా?"

"ఎండకొచ్చిన జ్వరం పెద్దమ్మా. డాక్టరు గూడా..."

"వెనక ఇద్దరికీ డాక్టరే చెప్పాడు."

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ ఆస్మా గుమ్మంలోకి వచ్చారు. ముందు కోటేశ్వరమ్మ, చేతిలో చాట, చాటలో తవుడు. వెనక రాజేష్, కిందికి చూస్తూ. ఆ వెనక బిడ్డతో అన్నపూర్ణ.

"తీసుకో. మా పిల్లోణ్ణి మేం కొనుక్కుంటన్నాం."

ఫరీద్ లోపల్నుంచి వచ్చాడు. "పెళ్లిదాకా తిప్పకూడదంటారు గదా పిన్నమ్మా? మధ్యలో తిప్పితే పిల్లోడికే మంచిది కాదని మీరే అన్నారంట."

"అబద్ధంతో కొన్నది కొన్నట్టు కాదు."

"చెల్లెమ్మా, మా అమ్మ సంగతి నీకు తెలుసు" అని రాజేష్ నసిగాడు. "ఇంట్లో అన్నం మానేసి కూర్చుంది. ఈమెను గూడా ముద్ద తిననీయట్లా."

ఆస్మా తవుడు తీసుకోనంటే అంతే. కొన్న మనిషి ఒప్పుకోకపోతే వెనక్కు కొనడం కుదరదు, అది కోటేశ్వరమ్మ పద్ధతే. ఆస్మాకు ఆ సంగతి తెలుసు. కోటేశ్వరమ్మకూ తెలుసు, అందుకే ఆమె చాటను ఇంకాస్త ముందుకు చాపింది. ఆస్మా ఆ ఇద్దరినీ దాటి అన్నపూర్ణను చూసింది. పాలిచ్చే మనిషి మొహం ఎముకలు తేలి ఉంది.

"నువ్వు చెప్పవే."

అన్నపూర్ణ బిడ్డ తల నిమిరింది. "నీకాడ పాత గుడ్డ లేకపోతే నాకు చెప్పొచ్చు గదే. గోడ అవతలే ఉన్నా గదా."

"సిగ్గేసింది."

"నాకాడా?" అంది అన్నపూర్ణ. తర్వాత ఎవరికీ వినపడనంత మెల్లగా, "ఇచ్చెయ్ ఆస్మా. నాకు భయంగా ఉంది. నాక్కూడా" అంది.

ఆ చివరి మాటతో ఆస్మా చాట అందుకుంది. లోపలికి తీసుకెళ్లి తవుడు కుండలో పోసింది. చాట తిరిగి ఇవ్వాలి. ఎవరింటి చాటనీ, గిన్నెనీ ఖాళీగా తిప్పి ఇవ్వడం ఆ వీధిలో లేదు. బియ్యపు గింజలో, బెల్లం ముక్కో ఏదో ఒకటి వేసి ఇస్తారు. ఆస్మా తల్లి చీర చొక్కాను మడిచి చాటలో పెట్టి తెచ్చింది.

"ఇది నిజంగానే పాతది పెద్దమ్మా. మా అమ్మది. ఐదుగురు పెరిగిన గుడ్డ."

కోటేశ్వరమ్మ చాటను ముట్టుకోలేదు. "చాట దులిపి పట్రా" అని కోడలితో అని గుమ్మం దిగింది. బిడ్డను రాజేష్ అందుకుని ఆమె వెనకే నడిచాడు.

అన్నపూర్ణ చాట తీసుకుంది. మెట్టు దిగి వీధిలో నిలబడింది. అత్త వెనక్కు తిరిగి చూస్తోంది. అన్నపూర్ణ ఒక్క క్షణం చొక్కా మీద చెయ్యి వేసింది. తర్వాత చాట బోర్లించి, అడుగున రెండుసార్లు తట్టింది. తవుడు పొడితో పాటు చొక్కా కాలువ పక్కన మట్టిలో పడింది. ఆమె చాట చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఫరీద్ తీయబోతే ఆస్మా వద్దంది. తనే తీసి, దులిపి, ఉతికి, గోడ వైపు దండెం మీద ఆరేసింది. అవతలి నుంచి చెయ్యి చాపితే అందే చోట. తవుడు ఎదురింటివాళ్ల గేదెకు పెట్టించింది.

ఇప్పుడు అవతల పిల్లాణ్ణి ఆసుపత్రి కాయితాల్లోని పేరుతోనే పిలుస్తున్నారు. గోడ మీద గిన్నెలు తిరగడం లేదు. ఆస్మా మళ్లీ చొక్కాలు కుడుతోంది. పాత చీరే తెమ్మని ఇంకా తిప్పి పంపుతోంది, కాకపోతే మాట మెత్తబడింది. దండెం మీది చొక్కాను సాయంత్రం తీయదు, పొద్దున వేయదు. అక్కడే ఉంటోంది. జూన్ వచ్చినా రెంటచింతలలో వాన లేదు. నేత చీర రంగు రోజుకింత పోతోంది. నాడాలు మాత్రం గాలికి గోడ అవతలికి పడి, మళ్లీ ఇవతలికి వస్తున్నాయి.